నీ బావి నీళ్లు

తాతా,

ఈరోజు నీ తద్దినం. నిన్న సైన్సు టీచరు మమ్మల్ని మైపాడు దారిలో ఊరూరా తిప్పి, బావుల నీళ్లలో ఉప్పు కొలిపించారు. నువ్వు తవ్వించిన బావిలోనే అన్నిటికన్నా ఎక్కువ తేలింది. దాని పక్కనున్న ఉప్పునీళ్ల రొయ్యల గుంట నాన్నదే.

"ఈ లెక్కలు కారణంతో సహా ఎల్లుండి క్లాసులో నువ్వే చదవాలి," అన్నారు టీచరు.

"గుంట మాట ఎత్తబాకు పాపా. నీ ఫీజు ఆ రొయ్యలే కడతా ఉండాయి," అన్నాడు నాన్న.

'లవణీయత' అనే మాట నేర్చుకున్న రోజు దాన్ని ఇల్లంతా పాడుకుంటూ తిరిగాను. ఇప్పుడు దాన్ని కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాస్తున్నాను.

ఏటా నీ పటం ముందు నీ బావి నీళ్లే పెడతాం కదా. ఇందాక అమ్మ చెంబు తీసుకుని బావి దగ్గరకు బయలుదేరింది. నాన్నే ఆపి, అందులో క్యాను నీళ్లు పోశాడు. నా వైపు మాత్రం చూడలేదు.