త్రియెస్తే ప్రయాణానికి ఫోరింట్ల సంచి

దారువర్, అక్టోబరు

చిరంజీవి వ్లాదో క్రేయ్చీకి, నీకు బడిలో భాష నేర్పిన ద్రాగుటిన్ షిమెక్ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న నీ డబ్బు మార్పిడి కొట్టు ముందు జరిగిన వాదన తరువాత నీతో నోటిమాట మానుకున్నాను గనుక ఈ ఉత్తరం. నా ఇల్లాలు బ్లాజెంకా పెళ్ళయిన కొత్తలో ఇటలీలోని త్రియెస్తేలో ఒక అంగడి అద్దం వెనుక ఎర్రజోళ్ళు చూసి, చేతిలో పైకం చాలక తిరిగివచ్చింది. ఈ చలికాలం అక్కడికి తీసుకువెళ్ళకపోతే ఇక నాకు వండిపెట్టనని తేల్చి చెప్పింది. అందుకై మన దేశపు పైకమైన కూనలిచ్చి అక్కడ చెల్లే యూరోలడిగితే, నీవు "కొత్త సంవత్సరం దాకా ఆగండి" అంటావు. డబ్బు మార్చేవాడే మార్చవద్దని చెప్పుట ఏ లోకపు వ్యాపారం? ఇందులో నీకేదో లాభమున్నది. ధర ఎంత తగ్గిస్తావో వెంటనే వ్రాయుము.

ఇట్లు,
ద్రాగుటిన్ షిమెక్, విశ్రాంత భాషోపాధ్యాయుడు

తా.క. నీ కిటికీపై "కమీషన్ లేదు" అని పెద్దగా వ్రాసి, దిగువన చీమ తలంత అక్షరాలతో "కొన్నింటికి తప్ప" అన్నావు. అంత చిన్న అక్షరాలు నేను నేర్పలేదు.


మాస్టారి పాదాలకి వ్లాదో నమస్కారాలు.

మీ ఇంటి వీధిగుమ్మం నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, అయినా మీరు మాట్లాడనన్నారు గనక రాస్తున్నా. జనవరి ఒకటి నుంచి మన దేశంలోనూ యూరోలే మాస్టారూ. మీ కూనలు అప్పుడు బ్యాంకులో ఇస్తే ప్రభుత్వం కట్టిన ధరకే, దమ్మిడీ కోత లేకుండా మార్చి ఇస్తారు. నా దగ్గర మారిస్తే కమీషన్ పోతుంది. గురువుగారు కదా అని చెప్తున్నా. రొట్టెల కొట్లో కూడా కూనల్లో ఒకటి, యూరోల్లో ఒకటి, రెండేసి ధరలు రాసి పెట్టారు, చూడలేదా?

మీ శిష్యుడు,
వ్లాదో

తా.క. చీమ అక్షరాలు మా ఆవిడ రాసింది. ఆవిడ మీ దగ్గర చదవలేదు, అదృష్టవంతురాలు.


దారువర్, నవంబరు

చిరంజీవి వ్లాదోకు దీవెనలతో.

నీ మాట నమ్మి రొట్టెల కొట్టుకు వెళ్ళాను. రెండు ధరలు చూపినప్పుడు తక్కువదానిని ఎంచుకొను హక్కు కొనేవాడిదే అని, ఆ చిన్న అంకె ఎంతో అన్ని కూనలే ఇచ్చాను. కొట్టువాడు రొట్టె లాక్కొని నన్ను బయటకు సాగనంపాడు. నీ యూరో కథ ఎంతటిదో అక్కడే తెలిసింది.

కావున బస్సెక్కి హంగరీ సరిహద్దు దాటాను. నీవు ఏడున్నర కూనలు గుంజుకొని ఒక్క యూరో ఇస్తావు. అక్కడివారు ఒక్క కూనకే తమ దేశపు పైకం, ఫోరింట్లు, యాభైకి పైగా ఇచ్చారు. ఉన్న కూనలన్నీ ఇచ్చివేశాను. పైకం పట్టక సంచి కొనవలసి వచ్చింది. లెక్కలు నా విషయం కాకపోయినా, బేరం చేయుట ఇట్లని నీకు చూపినందుకు సంతోషం.

ఇట్లు,
ద్రాగుటిన్ షిమెక్

తా.క. నీ ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది దీనితో పంపుతున్నాను. పదికి నాలుగు.


మాస్టారూ, కొంప ముంచుకున్నారు.

నమస్కారం పెట్టడం కూడా మర్చిపోయా, ఇప్పుడు పెడుతున్నా. ఆ ఫోరింట్లు నాలుగొందలకి పైగా పోస్తే గాని ఒక్క యూరో రాదు. పోయేటప్పుడు ఒక కోత, వచ్చేటప్పుడు ఇంకో కోత. దయచేసి ఇంకేమీ మార్చకండి. అమ్మగారికి చెప్పారా?

వ్లాదో

తా.క. నాలుగుకి థాంక్స్. బడిలో మూడు దాటలేదు.


దారువర్, డిసెంబరు

వ్లాదోకు.

బ్లాజెంకాకు సంచి దొరికింది. నాటినుండి పొయ్యి వెలగలేదు. డబ్బాలోని చేపలతో కాలం గడుపుతున్నాను. ఆమె మూటాముల్లె సర్దుకుంటూ, ఎక్కడికని అడిగితే "త్రియెస్తేకి" అంటోంది, ఎవరితో అంటే మూటకు ఇంకొక ముడి వేస్తోంది. ఫోరింటు ధర పెరుగునంతవరకు నేను కదలను. నీవు మాత్రం నిజం చెప్పుము. నన్ను జనవరి దాకా ఆపుటలో నీ లాభమేమి?

ద్రాగుటిన్ షిమెక్

తా.క. చేపల డబ్బా మీద కూడా రెండు ధరలున్నాయి. ఈసారి వాదించలేదు. ఆకలి.


దారువర్, జనవరి

మాస్టారికి నమస్కారాలు.

మీ అనుమానం సగం నిజమే, నాకు లాభం ఉంది. అందరి చేతిలో యూరోలుంటే నా కొట్టుకి ఎవరొస్తారు? మూసేశాను. కాకపోతే మారకం గొడవ లేనప్పుడు, ఈ జనవరి నుంచే తనిఖీలు ఎత్తేసి సరిహద్దులో ఆపేవాడూ లేనప్పుడు ఊరంతా త్రియెస్తేకే పోతుందని ముందే ఊహించి, వేసవిలోనే పాత బస్సు ఒకటి కొన్నా. నడిపేది నేనే. మొదటి ట్రిప్పు ఈ శనివారం.

మొదటి రెండు సీట్లు అమ్మగారివి. బస్సుకి ఇంకా రంగు కూడా వేయకముందే, ఆగస్టులో, తను దాచుకున్న కూనలిచ్చి కొన్నారు. మిగతావి జోళ్ళకని ఈ నెలే బ్యాంకులో యూరోలుగా మార్చుకున్నారు. రెండో సీటు ఎవరికని అడిగాను. "మార్చడానికి ఏమీ మిగలని రోజున ఆయనే వస్తారు" అన్నారు.

పొద్దున్నే తయారుగా ఉండండి. దారిలో తినడానికి అమ్మగారు వండుతున్నారట.

మీ శిష్యుడు,
వ్లాదో

తా.క. సంచి తెచ్చుకోండి. సీటు స్ప్రింగు పైకి పొడుచుకొచ్చింది, ఫోరింట్లు పరుచుకుంటే మెత్తగా ఉంటుంది.