టీవీలో నీ గొంతు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా ఉద్యోగం మొదటిరోజు మాదాపూర్‌లో ఆఫీసు గేటు ముందు అమ్మనూ నన్నూ నిలబెట్టి నువ్వు తీసిన వీడియోను టీవీలో చూడాలని అమ్మ అడిగింది. కంప్యూటర్‌లో అది ఉన్న ఫోల్డర్‌ను షేర్ చేశాను. టీవీకి తగిలించిన ప్లేయర్‌లో దాని పేరు కనిపించింది గానీ, తెరవబోతే అనుమతి లేదంది.

"ఆఫీసుల గిదే పని చేస్తవు గదా, ఇంట్ల ఎందుకైతలేదే?" అని అమ్మ నవ్వింది.

చివరికి కారణం దొరికింది. అమ్మకు టైపు చేయడం కష్టమని నువ్వు కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ తీసేయించావు. పాస్‌వర్డ్ లేకపోతే మన కంప్యూటర్ ప్లేయర్‌ను లోపలికి రానివ్వదట. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ప్లేయర్‌లో కొట్టాక వీడియో తెరుచుకుంది.

ఫోన్ పట్టుకున్నది నువ్వే కాబట్టి నువ్వు కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది: "లక్ష్మీ, జర కొంగు సదురుకో."

సోఫాలో కూర్చున్న అమ్మ కొంగు సర్దుకుంది.