వాగులో వదిలిన ప్రార్థన

క్రోపా, ఫిబ్రవరి 1846

ప్రియమైన అమ్మమ్మకు,

నువ్వు పుట్టిన ఊళ్లో పంతులమ్మనయ్యానని మురిసిపోయావు. ఆ బడి మూతపడేలా ఉంది. మన భాషనే కొత్తగా వచ్చిన అక్షరాల్లో నేర్పుతున్నానని తల్లులు పిల్లల్ని మాన్పించేశారు. అందరికంటే ముందు మేకులు కొట్టే కమ్మరి భార్య పోలోనా. "పాత అక్షరాల్లో ఉన్న మా అత్త ప్రార్థన పుస్తకం నా కూతురు చదవలేకపోతే ఆ చదువెందుకమ్మా?" అంటుంది. వచ్చే నెల గ్రెగరీ పండగ దాటినా బల్లలు ఖాళీగా ఉంటే నన్ను పంపించేస్తామన్నారు బడి నడిపే ఫాదర్. నాకు వెళ్లాలని లేదు.

నీ నెజ్కా

కామ్నిక్

ప్రియమైన నెజ్కా,

ముక్కు చీదడం ఆపి విను. పోలోనా అడిగినదాంట్లో తప్పు లేదు. నేను నేర్చినవి రెండున్నర శతాబ్దాల నాటి అక్షరాలు. తర్వాత మెటెల్కోగారనే పండితుడు వానపాముల్లాంటి అక్షరాలు తయారుచేశారు. మీ చిన్న మావయ్య అవి నేర్చేలోపే చక్రవర్తి నిషేధించాడు. ఇప్పుడు నువ్వు నేర్పేవి నెత్తిన గుర్తుల టోపీలు పెట్టుకుని క్రొయేషియా మీదుగా దిగాయి. పిడికెడు జనానికి ఇన్ని లిపులా అని నవ్వొస్తుంది. కానీ జర్మన్‌లో రాసుకుని హాయిగా బతకగలిగిన పండితులు, మన పల్లెటూరి మాటకి ఒంటికి సరిపోయే చొక్కా కుట్టాలని ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఆ పిచ్చికి నేను దణ్ణం పెడతాను.

తల్లులకి ఉపన్యాసాలివ్వకు. గ్రెగరీ పండగకి పిల్లలు అట్టతో బుల్లి ఇళ్లు చేసి, లోపల దీపం పెట్టి వాగులో వదులుతారుగా. బడికి రానివాళ్లు అట్టలు కత్తిరించడానికి రారా? పోలోనా అత్త ప్రార్థనే అడిగి తెచ్చుకో. ఇంటికో మాట చొప్పున కొత్త అక్షరాల ఆకారంలోనే కిటికీలు కోయించు, లోపలి దీపానికి ఆ మాట వెలుగుతుంది.

మీ అమ్మమ్మ యెరా

క్రోపా, మార్చి

ప్రియమైన అమ్మమ్మకు,

పుస్తకం ఇవ్వడానికి పోలోనా నాతో గుమ్మం దగ్గర సాయంత్రమంతా వాదించి, చివరికి ఇచ్చింది. పండగనాడు కమ్మరులు పని దీపాలార్పి ఒడ్డుకొచ్చారు. ఇళ్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. పోలోనా కూతురు ఆంచ్కా ఒడ్డు వెంబడి పరిగెడుతూ గట్టిగా చదివింది. చేతులు కట్టుకు నిలబడ్డ పోలోనా పెదవులు వాటంతటవే కదిలాయి. "ఇది మా అత్త మాటే కదే," అంది మెల్లగా.

మర్నాడు ఆంచ్కా బడికొచ్చింది. వెనకే తల్లీ వచ్చి చివరి బల్ల మీద కూర్చుంది, "దీన్ని ఒంటరిగా వదిలితే ఏం నూరిపోస్తావో" అంటూ. మిగతావాళ్లూ వస్తున్నారు. ఫాదర్ నన్ను ఉండమన్నారు.

నీ నెజ్కా

కామ్నిక్

ప్రియమైన నెజ్కా,

నువ్వు ఉత్తరాలన్నీ కొత్త అక్షరాల్లోనే రాస్తున్నావు. ఇంత చదివిన ముసలిదానికి ఆ మాత్రం రాదా అనుకుని ఉంటావు. రాదు. ముందటి ఉత్తరం పక్కింటి పిల్ల చదివిపెట్టింది. ఈసారిది దానికి ఇవ్వబుద్ధి కాలేదు. పొయ్యి మీద సూపు మాడిపోయేదాకా కూర్చుని నేనే చదివాను. ఆంచ్కా పరుగు దగ్గర రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, కళ్లద్దాలు తుడుచుకోవడానికి.

ఆదివారం బండికి వస్తున్నాను. చివరి బల్ల మీద పోలోనాని కాస్త జరగమను.

నీ కొత్త విద్యార్థిని,
యెరా