మూడో సిలిండరు గురించి మూడో అర్జీ

ధర్మవరం,
10-11-2025, సోమవారం.

విమాన తనిఖీ అధికారి గారి సముఖమునకు,
క్యాంపు కార్యాలయం, హిందూపురం.

అయ్యా,

విషయం: పెనుకొండ దగ్గరి విమాన శిక్షణ కేంద్రంలో రెండో నంబరు విమానం ఇంజన్లో కాలి అరిగిపోయిన వాల్వు మార్పించుట – గంటలు నిండలేదని తమరు నిరాకరించుట – గురువారం లోపల తమరు కుర్చీలోంచి లేచుట – గురించి.

సూచిక: 1) నా మొదటి అర్జీ. దానికి తమ జవాబు రాలేదు. 2) నా రెండో అర్జీ. దానికి తమ జవాబు వచ్చినది. రాకున్నా బాగుండేది.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను ఉలిగప్ప, తండ్రి పుల్లన్న, ధర్మవరం కాపురస్తుడను. సదరు కేంద్రంలో పదకొండేండ్లుగా ఇంజన్ మెకానిక్కును. ఇంజన్ బాగుందని సంతకం చేయు అధికారం గలవాడను. ఆ సంతకం సంగతి కింద వస్తాది.

1. సదరు విమానమునకు ఇంజను ఒకటే. రెండుంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. దానికి నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండర్లో గాలి ఎక్కించి ఎంత నిలుస్తుందో చూచుట మా పద్ధతి. ఎనభై పౌన్ల ఒత్తిడి ఎక్కిస్తే మంచి సిలిండరు డెబ్బైకి తగ్గకుండా పట్టి ఉంచును. మూడోది నలభై రెండు దగ్గర నిలబడినది. మిగతా గాలి పొగగొట్టంలోంచి బుస్సుమని పోవుచుండగా నా చెవులతో విన్నాను. సన్న కెమెరా లోపలికి పంపి చూడగా, పొగను బయటికి వదిలే వాల్వు అంచు ఒక పక్క కాలి, ఆ వేడికి పచ్చరంగు తిరిగి ఉన్నది. ఇట్టి వాల్వు ముక్క విరిగినచో ఇంజను ఆకాశంలో ఆగిపోవుటకు అవకాశము గలదు. అవకాశము గలదు అని తమ మర్యాద కోసం రాసినాను. ఆగిపోతాది.

2. తమ జవాబులో, "ఇంజన్ ఆయుష్షు రెండు వేల గంటలు, ఇప్పటికి నడిచినది 1,640 గంటలు మాత్రమే, కావున భాగములు మార్చు సమయము ఆసన్నము కాలేదు" అని సెలవిచ్చినారు. ఆ వాల్వుకు చదువు రాదు సార్. తమ పుస్తకం దాని ముందర పెట్టి ఇంకా మూడు వందల అరవై గంటలుండాయి, ఓపిక పట్టు అంటే అది వినదు. మా నాయన రొద్దం పక్క బావుల మీద ఆయిల్ ఇంజన్లు రిపేరు చేసిన మనిషి. వేలు ముద్ర తప్ప రాయడం రాదు. కాలిన ఆయిలు రెండు వేళ్ల మధ్య రుద్ది, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. "ఇంజన్ను అడగాలరా, పంచాంగాన్ని కాదు" అనేవాడు. ఆయన తమ పరీక్షలో ఎట్లాగూ ఫెయిలే.

3. తమరు గంటల పిచ్చితో చేసిన ఘనకార్యము ఇది మొదటిది కాదు. నాలుగేండ్ల కిందట ఒకటో నంబరు విమానానికి గంటలు నిండినాయని నాలుగు సిలిండర్లూ పీకించినారు. అన్నీ డెబ్బై ఆరుకు తగ్గకుండా నిలబెట్టినవి, ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే ఇనుప రజను ఇసుమంత లేదు, బంగారమట్లా ఉండాయి, పెట్టొద్దు వేలు అని నేను బతిమాలినాను. రూలు అన్నారు. కొత్తవి వేసిన ఇరవయ్యో గంటలో ఒకటి బిగుసుకొని పట్టేసింది. విమానం రొద్దం దగ్గర శెనక్కాయ చేన్లో దిగింది. దేవుడి దయ, మనిషికేం కాలేదు. అప్పుడు బాగున్నదాన్ని పీకించినారు, ఇప్పుడు చెడినదాన్ని ఉంచమంటాండారు. గంటలు చూసి మార్చేదానికైతే గోడ గడియారం చాలు. మెకానిక్కు యాల? తమరు యాల?

4. ఇప్పుడు సంతకం సంగతి. నేను స్వయంగా హిందూపురం వచ్చి, తమ వరండాలో మూడు గంటలు నిలబడి, లోపలికి పిలిపించుకొన్న రోజున తమరు మా కేంద్రం నుంచి తెప్పించుకొన్న ఇంజన్ పుస్తకం నా ముందరికి తోసి అన్న మాట నాకు జ్ఞాపకం ఉన్నది: "ఏమప్పా, నీ సంతకం బాగుండాది అంటాంది, నీ నోరు బాగలేదు అంటాంది. నేను దేన్ని నమ్మాల?"

దానికి జవాబు ఈరోజు రాసి ఇస్తున్నాను. అది ఆయుధ పూజ నాడు పెట్టిన సంతకం. మా కేంద్రంలో ఆ రోజు విమానాలన్నీ కడిగి, రెక్కలకు పసుపు, ఫ్యానుకు బంతిపూల దండ కట్టి, బూడిద గుమ్మడికాయ కొడతారు. నెల తనిఖీ సంతకాలు కూడా ఆ పొద్దే వరసగా పెట్టేస్తారు, మంచి రోజని. కుంకుమ పెట్టిన ఇంజన్ను ఆ రోజు విప్పగూడదు. నేనూ విప్పలేదు. పైన గుడ్డతో తుడిచి, చేయి పెట్టి చూసి, లోపల బాగుందని రాసి సంతకం చేసినాను. పదేండ్లుగా అట్లే చేస్తాండాను. ఆ పేజీ మీద నా వేలి కుంకుమ మరక ఇంకా ఉంది, తమరు కళ్లజోడు పెట్టుకొని చూస్తే కనబడేది. ఇది నా తప్పు. ఒప్పుకొంటున్నాను. వారం పోయినాక ఇంజను వణకడం మొదలుపెట్టినప్పుడే నేను పరీక్ష చేసింది. ఫలితం పుస్తకంలో ఎక్కించే లోపల మేనేజరు రామాంజినేయులు గారు పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేసి, నన్ను విమానాలు కడిగే పనికి మార్చినారు. నా తప్పును తమరిద్దరూ దేవుని పటం మాదిరి గోడకు తగిలించుకొని మొక్కుతాండారు.

5. రొద్దం కొండప్ప గారి కూతురు లక్ష్మీప్రియ సదరు కేంద్రంలో విద్యార్థిని. వచ్చే గురువారం, అనగా 13వ తేదీన, సదరు విమానంలో పెనుకొండ నుంచి ధర్మవరం, ఆడి నుంచి హిందూపురం మీదుగా తిరిగి పెనుకొండకు ఒంటరిగా పోవలసి ఉన్నది. పక్కన నేర్పేవాడు ఉండడు. వాళ్ల నాయన మిద్దె ఎక్కి చూస్తానని ఊరంతా చెప్పుకొంటాండాడు. ఆ పాప ఎప్పుడు ఎక్కినా ముందు నా దగ్గరికి వచ్చి, "అన్నా, బాగుండాదా?" అని అడిగి, నేను పోమ్మా అంటేనే ఎక్కేది. శనివారం పొద్దున నేనే పిలిచి, దీంట్లో పోవద్దు తల్లీ, వాల్వు కాలిపోయింది అన్నాను. ఆ పాప నవ్వింది.

"పుస్తకంలో బాగుండాదని ఉంది గదన్నా. నీ సంతకమే."

అయ్యా, తమరు అన్నప్పుడు కోపం వచ్చింది. ఆ పాప అన్నప్పుడు ఆ కోపం నా మీదికే తిరిగింది. నేను చూడకుండా పెట్టిన సంతకాన్ని నమ్మి ఆ పిల్ల ఎక్కుతాంది, నేను చూసి చెప్పిన మాటను నమ్మి కాదు. ఇంటికి పోయి అన్నం ముందర కూచొని ఏడ్చినాను. ఇది అర్జీలో రాయగూడదని తెలుసు.

కావున తమరు నిమ్మకు నీరెత్తినట్లు కూర్చొనుట మాని, గురువారం లోపల స్వయముగా వచ్చి సదరు వాల్వును కళ్లతో చూచి, మార్చుటకు ఉత్తరువు ఇప్పించవలెనని ప్రార్థన. కొత్త వాల్వు స్టోర్లో ఉన్నది. తమ సంతకం లేనిదే అది పెట్టెలోంచి బయటికి రాదు.

చిత్తగించవలెను. రెండు సార్లు చెవిటోని ముందర శంఖం ఊదినాను, ఇది మూడోది.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ అర్జీ వరకు),
ఉలిగప్ప

జత: అట్టపెట్టె ఒకటి.

తా.క.: జత చేసిన అట్టపెట్టె నా భార్య ప్రమీల నేసిన పట్టుచీరలకు వాడేది. అందులో చీర లేదు, తమరు ఆశపడవద్దు. అందులో ఉన్నది ఆ వాల్వు. నిన్న ఆదివారం శిక్షణ లేదు, విమానాలు కడిగేదానికని ఇచ్చిన షెడ్డు తాళం చెవి నా దగ్గరే ఉన్నది. పట్టపగలు సిలిండరు విప్పి, బల్ల మీద అందరికీ కనబడేటట్టు పెట్టి, వాల్వు మాత్రం తీసుకొని వచ్చినాను. ఇంక తమ సంతకం లేనిదే ఆ విమానం లేవదు. ఇది దొంగతనము. కేసు పెట్టండి, కాదనను. అయితే కేసు పెట్టాలంటే తమరు ఈ పెట్టె విప్పాల, సొత్తును చేతిలోకి తీసుకోవాల, అది ఏ స్థితిలో ఉండాదో చూసి కాగితం మీద రాయాల, కింద సంతకం పెట్టాల. నేను చూడకుండా పెట్టినాను సార్. తమరు చూసి పెట్టండి.