వదిన లేజర్‌కు వెళ్లే ముందు

అన్నయ్యకు,

నమస్కారం. ఇక్కడ అమ్మ బాగుంది. నా సంగతి కాస్త ఆగి రాస్తాను. మీ ఇద్దరూ కులాసాగానే ఉన్నారని అనుకుంటున్నాను. ఫోనులో అయితే నన్ను సగం మాట కూడా పూర్తి చేయనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

వదిన గడ్డం మీది వెంట్రుకలకు లేజర్ చేయించుకోవాలనుకుంటోందనీ, నాకు అనుభవం ఉంది కాబట్టి ముందుగా ఏమేం తెలుసుకోవాలో రాయమనీ అడిగావు. రాస్తాను. వదిన మీద నాకు ఏ కోపమూ లేదు.

ముందు దారంతో పీకించుకోవడం మానమను. లేజర్ వెలుగు వెంట్రుకలోని నలుపును పట్టుకుని వేరు దాకా దిగుతుందట. వేరు అనేదే లేకపోతే ఇక దిగేదెక్కడికి? రేజరుతో గీసుకోవచ్చు, పీకకూడదు. నెరిసినవాటికి పనిచేయదు. ఒక్కసారితో పోవు, వారాల తేడాతో చాలాసార్లు వెళ్లాలి, ఆ తర్వాతా కొన్ని మొలుస్తాయి. మళ్లీ జన్మలో రావని ఎవరైనా చెబితే లేచి వచ్చేయమను. ఉన్నట్టుండి మొలిచాయంటున్నావు కదా, నెలసరి సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోమను. వాడే మాత్రలన్నీ చెప్పమను. దవడ కింద చిన్న చోట ముందు ప్రయత్నించి చూశాకే మిగతాది చేయనివ్వమను. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లడిగే ప్రశ్నలకు వదినే జవాబు చెప్పాలి. నువ్వు నోరు మూసుకుని బయట కూర్చో.

ఇక నా పుట్టినరోజుకు నువ్వు క్లినిక్కులో డబ్బు కట్టి ఇచ్చిన లేజర్ కానుక సంగతి. కాళ్లు నున్నగా అయ్యాయా, ఒక్క మాటైనా చెప్పలేదేమని అడిగావు.

నేను పనిచేసే ఈతకొలను చూడటానికి నువ్వు వచ్చిన రోజు గుర్తుందా? లోతు తక్కువ వైపు గట్టు మీద నిలబడి పిల్లలకు కాళ్లు కొట్టడం నేర్పుతున్నాను. నీ పక్క బెంచీ మీద ఇద్దరు తండ్రులు కూర్చున్నారు. "టీచరమ్మ కాళ్లు చూశావా, నా కాళ్లే నయం," అన్నాడు ఒకాయన. రెండో ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు వినపడింది అన్నయ్యా. నీకూ వినపడింది. నేను నీ వైపే చూశాను. నువ్వు ఫోనులోకి తల దూర్చేశావు. ఆ తర్వాతే కదా కానుక వచ్చింది. నవ్విన వాళ్లను ఒక్క మాట అనలేకపోయావు గానీ, నవ్వులపాలైన కాళ్లను బాగు చేయించడానికి మాత్రం పరుగెత్తావు.

ఒళ్లు మండిపోయినా వెళ్లాను. ఎందుకంటే నాకూ కావాలనే ఉండేది. బడిలో చదివే రోజుల నుంచీ ఉండేది. కొలను మూసే చలికాలంలో, నా ఇష్టంతో, నా అంతట నేనే వెళ్దామనుకున్నాను. ఆ కోరికను కూడా నువ్వు నా చేతుల్లోంచి లాక్కున్నావు.

అక్కడ మిషను నడిపే అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. అన్నీ మీ అన్నయ్యగారు ఫోనులో చెప్పారండీ అని, నా కళ్లకు నల్లద్దాలు పెట్టి మొదలుపెట్టింది. రబ్బరు బ్యాండుతో కొట్టినట్టు చురుక్కుమంటుందని విన్నాను. నాకు కాలిన గరిటె ఆనించినట్టుంది. ఓర్చుకోలేకపోతున్నానంటే మొదట్లో అంతే అంది. రెండో కాలు సగంలో ఉండగా నేనే లేచి దిగిపోయాను.

ఇంతదాకా అమ్మకు కూడా పూర్తిగా చెప్పని మాట ఇది. నా కాళ్లు కాలాయి. మోకాళ్ల కింద బొబ్బలు లేచాయి, అవి చితికి నల్లగా నలుచదరపు మచ్చలు పడ్డాయి. అమ్మకు ఇస్త్రీపెట్టె తగిలిందని చెప్పి చీర కుచ్చిళ్ల కింద దాచుకు తిరుగుతున్నాను. మచ్చలు పోవడానికి నెలలు పడుతుందనీ, అంతదాకా ఎండా కొలను నీళ్లూ తగలకూడదనీ చర్మం డాక్టరు చెప్పింది. ఎండలో కమిలిన చర్మం మీద లేజర్ కొట్టనే కూడదట. నా దగ్గర ఈత నేర్చుకునే పిల్లల్ని ఇప్పుడు ఇంకొకరు నీళ్లలోకి దింపుతున్నారు.

బొబ్బలు చూపిద్దామని ఆ క్లినిక్కుకే వెళ్లాను. మేనేజరమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఆఫీసు ఉద్యోగం, ఎండ మొహం చూడదు అని మీ అన్నయ్యగారే చెప్పారు. ఈత నేర్పుతారని తెలిస్తే మేం చేసేవాళ్లమే కాదు," అంది.

నన్నడగకుండా మిషను పెట్టినందుకు వాళ్లను వదలను, ఫిర్యాదు రాస్తాను. కానీ నువ్వు? కొలనులో పనిచేసే చెల్లెలు ఉందని చెప్పుకోవడానికి, మొహం కూడా తెలియని మనిషి దగ్గర సిగ్గుపడ్డావా? చిన్నప్పుడు కాలువలో నీ జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగింది ఎవరు?

క్షమించమని ఉత్తరం రాయకు, చింపేస్తాను. డబ్బు పంపకు. నేను చలికాలం దాకా ఆగి, చర్మం డాక్టరు సరేనంటే అప్పుడు వెళ్తాను. వెళ్లకపోతే వెళ్లను. అది నీకు చెప్పను.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించు, ఒక్క ముక్క దాటవేయకుండా. తర్వాత ఆమె ఎదుటే క్లినిక్కుకు ఫోను చేసి, నువ్వు అబద్ధం చెప్పావనీ, నీ చెల్లెలు ఈత నేర్పుతుందనీ చెప్పు. గొంతు తగ్గించకుండా చెప్పు.

ఇట్లు,
ఇంకా కోపం తీరని
నీ చెల్లెలు