కుడి నుంచి చదివిన రషీద్ భాయ్

అల్ నహ్దా, నవంబర్ 8, శుక్రవారం

టోక్యో ఎడిటర్ మెయిల్ పెట్టాడు. నా మాంగాను, అంటే కుడి నుంచి ఎడమకు చదివే జపనీస్ తరహా బొమ్మల కథను, అచ్చు వేస్తారట! పోయినసారి "కథ వెనక్కి నడుస్తోంది" అని తిప్పి పంపాడు. పేజీలు కుడి నుంచే పేర్చాను గానీ, అలవాటు కొద్దీ బొమ్మల్లో మనుషుల్ని ఎడమ నుంచి కుడికే పరుగెత్తించాను.

అందుకే ఈసారి పంపే ముందు రూమ్మేట్ రషీద్ భాయ్‌కి చూపించాను. కడపలో ఉర్దూ బడిలో చదివిన ఆయన చూపు కుడి నుంచే మొదలవుతుంది. జపనీస్ ఒక్క ముక్క రాకపోయినా చకచకా చూస్తూ, ఏడో పేజీలో ఆగాడు.

"ఏమప్పా, ఈ పాప ఇంటికి పోతాండాదా, ఇంట్లోంచి వస్తాండాదా?"

ఆ పేజీ మళ్ళీ గీశాను. ఈసారి ఆయన ఆగకుండా చివరిదాకా చూసి, కళ్ళు తుడుచుకున్నాడు.

మా అక్కకు ఒక కాపీ పంపాలి. తను తెలుగు పుస్తకంలా ఎడమ నుంచి తెరిచి, ముగింపు ముందే చూసేసి, "ఇంతేనా?" అంటుందేమో... చివరి పేజీ తెరుచుకోకుండా పిన్ను కొట్టి పంపాలి.