మ్యాపులో మా నావ

12-2-2003

సర్వే ఓడ ఆఫీసరు గారికి,

మీరు పంపిన సముద్రం అడుగు మ్యాపు అందింది. మా ఊరికెదురుగా "గుర్తు తెలియని మునిగిన ఓడ" అని మీరు వేసిన చుక్క మా నాన్న పాత నావ. చేపలు చేరతాయని మూడేళ్ల కిందట ఆయనే రాళ్లు నింపి ముంచేశాడు. ఆ చోటు మా అమ్మకు కూడా చెప్పలేదు.

"ఆ సుక్క సెరిపేయమని రాయమ్మా, ఊరంతా అక్కడే గాలాలేత్తారు" అని నాన్నే ఈ ఉత్తరం మొదలుపెట్టించాడు. ఇంతవరకు రాసి తలెత్తితే నాన్నా లేడు, మ్యాపూ లేదు. ఒడ్డుకు పరిగెత్తాను. ఊరందరి మధ్య మ్యాపు పరిచి, "సూడండ్రా, గవర్నమెంటోళ్లు నా నావని ఓడన్నారు!" అంటున్నాడు.

ఇక చుక్క చెరపక్కర్లేదు. నావ పేరు ఎర్రమ్మ అని మాత్రం రాయండి. అది మా అమ్మ పేరే. గుర్తు తెలియనిదంటే ఆమె ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
దాలయ్య కూతురు